ముప్ఫై ఏడు మేకులు

పోయిన వారం మీరంతా నన్ను నిచ్చెన మీద వదిలేసి ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. వారం రోజులండీ! ఒక చేత్తో బీరువా అంచు, ఇంకో చేత్తో డాల్డా డబ్బా, నెత్తిన సాలెగూడు. దిగుతున్నాను, కాస్త జరగండి.

ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు హైమ. మాది మధిర దగ్గర పల్లె. ఉద్యోగం గుండ్లపాడు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్. కొత్తగూడెం దాటి భద్రాచలం రోడ్డు పట్టుకుంటే, బొగ్గుబాయి సైరను వినపడడం మానేసి అడవి మొదలయ్యే చోట బస్సు ఒక్క నిమిషం ఆగుతుంది. అదే గుండ్లపాడు. నేను చేరేనాటికి ఇక్కడి పుస్తకాలన్నీ అద్దాల బీరువాల్లో, తాళాల వెనక ఉండేవి. మిఠాయి కొట్టు ముందు నిలబడ్డట్టు పిల్లలు అద్దంలోంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. పోట్లాడి, బతిమాలి, ఆరు నెలల కిందట ఆ తాళాలు తీయించాను. ప్రిన్సిపాల్ వెంకటరామారావు గారు ఒప్పుకున్నారు గానీ, ఒక మెలిక పెట్టారు. వచ్చే తనిఖీలో ఒక్క పుస్తకం తగ్గినా బీరువాలకు మళ్ళీ తాళాలే. తాళంచెవుల గుత్తి ఆయన సొరుగులోనే ఉంది, ఎక్కడికీ పోలేదు.

తనిఖీ సోమవారం. ఖమ్మం నుంచి చెంచురామయ్య గారనే అధికారి వస్తున్నారు. శుక్రవారం మధ్యాహ్నం రిజిస్టరు ముందేసుకుని అరలన్నీ సరిచూస్తే, ముప్ఫై ఏడు పుస్తకాలు లేవు. ఎవరి పేరు మీదా రాసి లేవు. బీరువా వెనక గానీ పడ్డాయేమోనని నిచ్చెన ఎక్కాను. పుస్తకాలు లేవు, డాల్డా డబ్బా ఉంది. మూత తీశాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి మా అటెండరు పిచ్చయ్య "అది ముట్టకున్రి మేడం!" అని కేక వేశాడు.

అక్కడ కదా మీరు వెళ్ళిపోయింది? పదండి.

నిచ్చెన దిగి డబ్బాను బల్ల మీద బోర్లించాను. గవ్వలు, గుండీలు, సైకిల్ బెల్లు మీది రేకు, తాళం లేని చెవి, క్యారమ్స్ స్ట్రైకరు, లంబాడీ పైటకు కుట్టే అద్దం బిళ్ళ, పసిపిల్ల గాజు, ఆకుపచ్చ పెన్ను మూత. ఇవేవో పోగుచేసుకునే పిచ్చి ఉందేమో మనిషికి అనుకున్నాను ముందు.

"ఏమిటిది పిచ్చయ్యా?"

మామూలుగా నేను ఆయన్ని 'బాబాయ్' అంటాను. మా నాన్నకంటే రెండేళ్ళు పెద్ద. 'పిచ్చయ్యా' అన్నానంటే కోపం వచ్చిందని ఆయనకు తెలుసు. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"గుర్తులు మేడం."

"ఎవరి గుర్తులు?"

"పుస్తకాలు కొంచవోయినోళ్ళయి."

"పట్టుకుపోవడమేమిటి? అమ్ముకున్నావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారింది. ఆరు నెలలుగా నాతో పాటు ఈ గదిలో దుమ్ము మింగిన మనిషి. అద్దాలు తుడిచి, చెదలు దులిపి, వానాకాలంలో కారే చోట తన గొడుగు తెచ్చి పుస్తకాల మీద విప్పి పెట్టి, తాను తడిసి ఇంటికి వెళ్ళిన మనిషి. ఆయన మొహం చూసి నాకే సిగ్గేసింది. కానీ కోపంలో ఉన్నప్పుడు మనం సిగ్గును ఒప్పుకుంటామా? ఒప్పుకోం. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పిచ్చయ్య నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్ముకునుడా? మేడం, మీకు ఎరుక లేదు. నేను ఈ కొలువుకు రాకముందు బొగ్గుబాయి కాడ ల్యాంప్‌రూంల పద్దెనిమిదేండ్లు జేసిన. ల్యాంప్‌రూం అంటే ఏందో జెప్పన్నా?"

"చెప్పు."

"బాయిల దిగేటోడు మా కిటికీ కాడికి వస్తడు. వాని నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తడు. నేను బిళ్ళను మేకుకు తగిలేసి, వానికి నెత్తి లైటు ఇస్త. పైకి వచ్చినంక లైటు నాకిస్తడు, బిళ్ళ తీసుకపోతడు. గంతే. కాయితం లేదు, సంతకం లేదు. మేకుకు బిళ్ళ ఉన్నదంటే మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు. షిఫ్టు అయిపోయినంక గూడ బిళ్ళ వేలాడుతుంటే మాకు అన్నం దిగకపోయేది. పద్దెనిమిదేండ్లల్ల ఒక్కడన్న బిళ్ళ మర్సిపోయి ఇంటికి పోయిండా? పోలే. పోరు మేడం. ఎవని బిళ్ళ వానికి పానం."

"బాగానే ఉంది. ఇది బాయి కాదుగా."

"కాదు. గానీ కిటికీ ఉన్నది గద."

లైబ్రరీకి వెనక వైపు ఒక కిటికీ ఉంది. సాయంత్రం అయిదింటికి నేను బస్సెక్కాక, పిచ్చయ్య గది ఊడ్చే అరగంటలో, ఆ కిటికీ దగ్గరికి జనం వచ్చేవాళ్ళట. స్టూడెంట్లు కాదు. బాయి దొరలు కాదు. తండా నుంచి, కోయగూడెం నుంచి, బాయి క్వార్టర్ల నుంచి, చాయ్ దుకాణం నుంచి.

"వాళ్ళకు కార్డులు లేవు కదా పిచ్చయ్యా! కార్డు లేకుండా పుస్తకం ఎలా ఇస్తావు?"

"గదే జెప్తున్న. కార్డు గావాల్నంటే కాలేజీల చదవాలె. కాలేజీల చదవాల్నంటే పది పాసు గావాలె. రూప్‌సింగ్‌కు కోళ్ళ పుస్తకం గావాలె. ఆయన పది పాసయ్యేదాక కోళ్ళు ఆగుతయా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఇలాంటప్పుడు నవ్వితే ఇక మన మాట ఎవరు వింటారు?

పుస్తకం తీసుకున్న ప్రతి మనిషీ ఏదో ఒక గుర్తు ఇచ్చి వెళ్ళాలి. విలువైనది కాదు, వాళ్ళదని వాళ్ళకు తెలిసేది. బీరువా వెనక గోడకు పిచ్చయ్య మేకులు కొట్టాడు. పై వరస మొదటి బీరువాకు, రెండో వరస రెండో బీరువాకు. ఏ అరలోంచి పుస్తకం పోతే ఆ మేకుకు ఆ మనిషి గుర్తు. గోడను చూస్తే చాలు, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో ఆయనకు తెలిసిపోతుంది. నిజం చెప్పొద్దూ, నేను నెలల తరబడి కూర్చుని రాసిన కార్డుల కంటే తేలికగా ఉంది.

"మరి ఆ మేకులేవి? గోడ నున్నగా ఉందిగా?"

పిచ్చయ్య నా మొహంలోకి చూసి, చూపు దించేసుకున్నాడు.

"సున్నం ఎవరు ఏపిచ్చిన్రు మేడం?"

అప్పుడు గుర్తొచ్చింది. గ్రంథాలయ వారోత్సవాలు వస్తున్నాయని, గది పెళ్ళివారిల్లులా మెరవాలని, పదిరోజుల కిందట సున్నం వేయించింది నేనే. పిచ్చయ్య మొక్కు తీర్చుకోవడానికి భద్రాచలం వెళ్ళిన రోజు. బీరువాలు జరిపి, సున్నంవాళ్ళు గోడ చూపించి "ఇవేంది మేడం, మేకులు" అంటే, "ఛీ, ఆ చెత్తంతా పీకి పారేయండి" అన్నది కూడా నేనే. వాళ్ళెవరో పుణ్యాత్ములు, పారేయకుండా డబ్బాలో వేసి పైన పెట్టారు.

"వచ్చినంక గోడ జూసిన. రొండు దినాలు అన్నం సైసలే. మీకు జెప్పుదామంటే, రూలు జెప్పి నన్ను తిడ్తరని భయమాయె."

"తిట్టేదాన్నే," అన్నాను నిజాయితీగా. "బాబాయ్, ఇవెవరివో నీకు గుర్తున్నాయా?"

బాబాయ్ అనేసరికి ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. గుర్తులు ఒక్కొక్కటీ ఏరి చూపించాడు. ఈ అద్దం బిళ్ళ జమ్లి వాళ్ళమ్మది. జమ్లి మా బీఏ మొదటి సంవత్సరం పిల్ల, తండా నుంచి నడిచి వస్తుంది. సైకిల్ బెల్లు రేకు రూప్‌సింగ్‌ది. పసిపిల్ల గాజు బస్టాపులో చాయ్ కొట్టు నాంచారమ్మది, అంటే ఆమె మనవరాలిది. ఇలా ఓ పదిహేను చెప్పాడు. గుండీల దగ్గరికి వచ్చేసరికి తల గోక్కున్నాడు.

"గుండీలన్నీ గుండీలే మేడం. మేకు మీదుంటే జెప్పేటోణ్ణి. ఇప్పుడెట్ల?"

"ఈ పెన్ను మూత?"

గబుక్కున దాన్ని నా చేతిలోంచి తీసుకుని డబ్బాలో వేసేశాడు. "గది జెప్పొద్దు. ఒట్టు వెట్టుకున్న. రొండుసార్లు పోయి అడిగిన, 'చూద్దాం' అన్నరు."

చేతిలో రెండు రోజులు. తండాలు, గూడేలు, క్వార్టర్లు తిరిగి ముప్ఫై ఏడు తలుపులు తట్టే ఓపిక నాకూ లేదు, కాళ్ళూ లేవు. బల్ల మీద గుర్తుల్ని చూస్తూ కూర్చున్నాను. పిచ్చయ్య మాట చెవిలో తిరుగుతోంది. ఎవని బిళ్ళ వానికి పానం.

"బాబాయ్, వాళ్ళ దగ్గరికి మనం పోవడం ఎందుకు? వాళ్ళే రావాలి. ఆదివారం సంత కదా?"

"అవ్."

"ఈ గుర్తులన్నీ ఈ బల్ల మీద పరుస్తాను. గోడకు సున్నం వేశారు, గుర్తులు కలిసిపోయాయి, ఎవరిది వాళ్ళు వచ్చి తీసుకోండి, పుస్తకం తెచ్చి ఇవ్వండి అని సంతలో చెబుదాం."

పిచ్చయ్య లేచి నిలబడి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నాంచారమ్మకు జెప్తే సాలు మేడం. రేడియో అవసరం లేదు."

---

శనివారం పొద్దున ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ముదిగొండ రైతుబిడ్డ, పెద్ద మనసు, పెద్ద గొంతు. రూలు అన్న మాట ఆయన నోట్లో లడ్డూలా తిరుగుతుంటుంది. ఆయన క్వార్టరు నుంచి సాయంత్రం వేళ వచ్చే ఒక శబ్దం గురించి కాలేజీలో రకరకాల కథలున్నాయి. మేకపోతు అంటారు కొందరు, తలుపు బందు అంటారు కొందరు.

"ఆదివారం వారోత్సవాల సభకు ఊళ్ళోవాళ్ళను కూడా పిలుద్దామా సార్?"

"ఎందుకమ్మా?"

"మీ ప్రసంగం ఉంది కదా సార్. స్టూడెంట్లు ఆదివారం వస్తారో రారో."

ఆయన మొహం వికసించింది. పాపం, పోయిన సంవత్సరం ఆయన 'గ్రంథాలయం - దేశ ప్రగతి' మీద నలభై నిమిషాలు మాట్లాడితే విన్నది నేనూ, మైకు వాడూ. "పిలువమ్మా, పిలువు! ఎంతమందినైనా పిలువు. రూలేం అడ్డు రాదు," అని నా అర్జీ మీద సంతకం పెట్టారు. పెన్ను మూత ఊడి బల్ల కిందికి దొర్లింది. తీసి ఇచ్చాను. ఆకుపచ్చ పెన్ను, నల్ల మూత. చొక్కా జేబు దగ్గర సిరా మరక. గొడుగంత మరక కాదు గానీ, చింతగింజంత ఉంది. అప్పుడు నా బుర్ర పుస్తకాల మీద ఉంది. చూశాను, చూడలేదు.

పుస్తకాలు తగ్గాయని ఆయనకు చెప్పాలనుకునే వెళ్ళాను. సంతకం పెట్టేశాక ధైర్యం జారిపోయింది.

---

ఆదివారం పదింటికి లైబ్రరీలో బల్ల మీద తెల్ల దుప్పటి, దాని మీద వరసగా ముప్ఫై ఏడు గుర్తులు. పక్కన నా జాబితా, ఎర్ర పెన్సిలు. పిచ్చయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ల్యాంప్‌రూంలో కూర్చున్నట్టు వెనక కిటికీ దగ్గర స్టూలు వేసుకున్నాడు. పదిన్నర. ఎవరూ లేరు. పదకొండు. ఇద్దరు స్టూడెంట్లు వచ్చి, బహుమతులు ఎప్పుడిస్తారని అడిగి వెళ్ళారు. వీళ్ళు రాకపోతే రేపు ఈ గదిలో తాళాలు పడతాయి. అద్దాల ముందు పిల్లలు నిలబడి చూసి వెళ్ళిపోతారు. నేనూ చూస్తూ కూర్చోవాలి.

పదకొండుంబావుకు నాంచారమ్మ వచ్చింది. చంకలో మనవరాలు, కొంగులో పుస్తకం.

"ఇగో మేడం మీ పుస్తకం. నా మనవరాలి గాజు నాకియ్యున్రి."

అది డిటెక్టివ్ నవల. అట్ట మీద చాయ్ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చు పడింది.

"నీకు చదువు రాదు కదా నాంచారమ్మా?"

"నాకెందుకు రావాలె? చాయ్ తాగేటోళ్ళకు వస్తది గద. పొద్దుగాల ఫస్టు షిఫ్టోళ్ళల్ల ఒకలు పది పేజీలు చదువుతరు, అందరు ఇంటరు. పదకొండో పేజీ చదవనియ్య."

"ఎందుకని?"

"మంచిగ అడుగుతున్నరు! చదివితే రేపు చాయ్‌కు ఎవడొస్తడు?"

వారం వారం ఈ సీరియల్ నడిపేవాళ్ళు ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఆమె వెనకే సంత సంతంతా వచ్చిందా అన్నట్టు జనం. రూప్‌సింగ్ కోళ్ళ పెంపకం పుస్తకాన్ని ఎరువుల సంచిలో చుట్టి తెచ్చాడు. తెరిచి చూస్తే మార్జిన్లలో పెన్సిలు రాతలు.

"పుస్తకంలో రాయకూడదు రూప్‌సింగ్!"

"తప్పున్నకాడనే రాసిన మేడం. గీ పుస్తకం రాసినాయన కోళ్ళను దూరంకెల్లి జూసిండు. దగ్గరికి పోలే."

జమ్లి వాళ్ళమ్మ కుట్టుపని పుస్తకం తెచ్చింది. ఆమెకూ చదువు రాదు, బొమ్మలు చూసి కుట్టిందట. తన రవికె చేతుల మీద కుట్టు చూపించి, లంబాడీ మాటల్లో జమ్లికి ఏదో చెప్పింది. "పన్నెండో బొమ్మ తప్పుందంట మేడం," అంది జమ్లి సిగ్గుపడుతూ. పంపుసెట్టు రిపేరు పుస్తకం నూనె మరకలతో వచ్చింది. భూగోళం పటాల పుస్తకం బస్సు కండక్టరు తెచ్చాడు. గుండీల దగ్గర తోపులాట. ఎవరి గుండీ వాళ్ళు ఎలా పోల్చుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. ఒకాయన వాసన చూసి చెప్పాడు.

నేను జాబితాలో టిక్కులు కొడుతుంటే చేతులు చాలలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళు ఈ గదికి నేనే తలుపు తెరిచానని ఎంత గొప్ప పోయాను! నా వెనకాలే ఒక కిటికీ తెరిచి ఉందని తెలియదు.

అయితే ఇరవై పుస్తకాలు దాటాక గొడవ మొదలైంది. గుర్తు తీసుకున్నవాళ్ళెవరూ కదలడం లేదు.

"ఇంకో పుస్తకం ఇయ్యున్రి మేడం," అన్నాడు రూప్‌సింగ్. బెల్లు రేకు నా ముందుకు తోశాడు. "మేకల పుస్తకం ఉన్నదా?"

"ఉంది. కానీ ఇవాళ ఇవ్వను. రేపు సాయంత్రం రండి."

రూప్‌సింగ్ మొహం మాడిపోయింది. నాంచారమ్మ చంకలో పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. ఏం తప్పు మాట్లాడానో నాకు తెలియలేదు. పిచ్చయ్య స్టూలు మీంచి లేచి వచ్చి చెవిలో గొణిగాడు.

"మేడం, బాయిల బిళ్ళ చేతుల వెట్టి లైటియ్యకపోతే ఏందో ఎరుకనా? పనిలకెల్లి తీసేసినట్టు. గట్లనే అనుకుంటున్నరు వీళ్ళు."

అయ్యో రామ! వాళ్ళను పిలిచి, పుస్తకాలు గుంజుకుని, పొమ్మన్నట్టయింది. కానీ పుస్తకం గడప దాటితే రేపటి లెక్కకు మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్క క్షణం బల్ల పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నాకే తెలియని గొంతుతో అన్నాను.

"ఎవరూ పోవద్దు! పుస్తకం బయటికి పోదు, మీరూ పోవద్దు. ఎవరికేం కావాలో తీసుకోండి, ఇక్కడే కూర్చుని చదవండి. చదువు రానివాళ్ళ పక్కన వచ్చినవాళ్ళు కూర్చోండి. చీకటి పడేదాకా తలుపు తీసే ఉంటుంది."

"మేకల పుస్తకం గూడనా?"

"మేకలదీ ఇస్తాను, కూర్చో!"

కుర్చీలు చాలక నేల మీద, కిటికీ గూళ్ళల్లో, మెట్ల మీద కూర్చున్నారు. రూప్‌సింగ్ చెప్పులు విప్పి, గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. నాంచారమ్మ నవలను జమ్లి ఒళ్ళో పెట్టింది. "ఆఖరి పదకొండు పేజీలు ఇంక ఎవరు చదవలే బిడ్డా. ఇయ్యాల దుకాణం బంద్. చదువు."

జమ్లి గొంతు సన్నగా మొదలై, పేజీ తిరిగేసరికి గట్టిపడింది. ముప్ఫై మంది ఆ పిల్ల చుట్టూ మూగారు. పన్నెండింటికి ప్రిన్సిపాల్ గారు పద్నాలుగు పేజీల ప్రసంగం చేత్తో పట్టుకుని, సిల్కు కండువా సర్దుకుంటూ వచ్చారు. ఒక్కరూ తల తిప్పలేదు. ఆయన మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ష్!" అంది నాంచారమ్మ. "సారూ, జెర ఆగున్రి. సంపినోడు ఎవడో తెలుస్తున్నది."

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే ప్రిన్సిపాల్ గారు మైకు ఆపేసి, కండక్టరు పక్కన నేల మీద సర్దుకుని కూర్చున్నారు. చంపినవాడు డాక్టరని తేలేసరికి "నేను ముందే అనుకున్నా!" అని అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే. ప్రసంగం అలాగే మడతలో ఉండిపోయింది. బహుమతులు చేత్తో పంచేశారు.

---

ఎండ వాలాక జనం పలచబడ్డారు. ఎవరి గుర్తు వాళ్ళ జేబులో, కొంగులో వెళ్ళింది. రేపు సాయంత్రం కిటికీ దగ్గరికి రమ్మని ఒక్కొక్కరికీ పిచ్చయ్య చెప్పి పంపాడు. జాబితా చూసుకున్నాను. ముప్ఫై ఆరు టిక్కులు.

దుప్పటి మీద ఒక్కటే మిగిలింది. ఆకుపచ్చ పెన్ను మూత. జాబితాలో మిగిలింది పదకొండు వందల నలభై ఎనిమిదో నంబరు. ముప్ఫై రోజుల్లో హార్మోనియం నేర్చుకునే పుస్తకం.

ప్రిన్సిపాల్ గారు నెమ్మదిగా బల్ల దగ్గరికి వచ్చారు. "బ్రహ్మాండంగా జరిగిందమ్మా! ఇంత జనం మన కాలేజీకి ఎప్పుడైనా వచ్చారా? ఇంతకీ వాళ్ళు పట్టుకెళ్ళిన ఆ గాజులూ గుండీలూ ఏమిటి, ఆటల పోటీనా?"

ఇక దాచలేకపోయాను. కిటికీ సంగతి, మేకుల సంగతి, సున్నం సంగతి, నా తప్పు, అన్నీ చెప్పేశాను. తప్పంతా నాదే అన్నాను. పిచ్చయ్య అడ్డం వచ్చి "నాది సార్, నాది" అన్నాడు. ఆయన వింటూ వింటూ గంభీరమైపోయారు. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టారు. ముందే జేబులో వేసుకుని వచ్చారన్న మాట.

"రూలు రూలే కదమ్మా. ఎన్ని తగ్గాయి?"

"ఒకటి సార్."

"ఒకటైనా తగ్గినట్టే. ఏ పుస్తకం?"

చెప్పాను. హార్మోనియం అన్నానో లేదో, ఆయన చూపు దుప్పటి మీద పడింది. పచ్చ మూత మీద. చెయ్యి జేబు మీదికి వెళ్ళింది, సిరా మరక మీదికి. అప్పుడు నా మట్టిబుర్రకు వెలిగింది. పచ్చ పెన్ను, నల్ల మూత. సాయంత్రాల మేకపోతు! పిచ్చయ్య వైపు చూశాను. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

వెంకటరామారావు గారు పెన్ను తీశారు. నల్ల మూత పీకి పక్కన పెట్టి, పచ్చ మూత తీసి తొడిగారు. సరిగ్గా సరిపోయింది.

"రిజిస్టర్లో రాసి తీసుకోవచ్చు కదా సార్ మీరు!"

"ఎలా తీసుకుంటానమ్మా? ప్రిన్సిపాల్ హార్మోనియం నేర్చుకుంటున్నాడని తెలిస్తే పిల్లలు నమస్కారానికి బదులు సరిగమలు పాడతారు. చిన్నప్పటి నుంచీ కోరిక. మా నాన్న నాగలి పట్టించాడు, తర్వాత చాక్‌పీసు పట్టుకున్నా. హార్మోనియం ఇప్పటికి చిక్కింది." ఆయన మొహం ఎర్రబడింది. పెద్ద గొంతు చిన్నదైపోయింది. తాళంచెవుల గుత్తిని వేలితో ఒక్క తోపు తోశారు, బల్ల అవతలి అంచుకు. "ఇవి నువ్వే ఉంచుకో. కిటికీ దగ్గర నిలబడినవాణ్ణి, నీకు నేనేం తాళం వేస్తాను?"

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "అయితే పుస్తకం తెచ్చివ్వండి సార్! ముప్ఫై ఏడూ అయిపోతాయి. రేపు ఆయనకు లెక్క నిండుగా చూపిస్తాను."

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"అదే వచ్చిన చిక్కు. నా దగ్గర లేదమ్మా. పోయిన నెల ఖమ్మంలో ఒకాయన ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఆయనకూ ఈ సరదా ఉందని తెలిసింది. రెండు రోజుల్లో ఇస్తానని తీసుకున్నారు. అడగడానికి మొహమాటం."

"అడ్రసివ్వండి సార్. ఇప్పుడే బస్సెక్కుతాను."

"అక్కర్లేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు నీరసంగా. "ఆయనే రేపు తొమ్మిదింటి బస్సుకు ఇక్కడ దిగుతారు. చెంచురామయ్య గారు."

తగ్గిన పుస్తకం కింద ఎర్రగీత గీసే మనిషి ఇంట్లోనే ఆ పుస్తకం ఉంది! ఆయనకు గుర్తుందో లేదో, సంచిలో వేసుకుని వస్తారో రారో, అడిగితే ఒప్పుకుంటారో మండిపడతారో. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక తాళంచెవుల గుత్తిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను.

పిచ్చయ్య మాత్రం ఫ్యాను మీంచి చూపు దించి, పద్దెనిమిదేళ్ళ ల్యాంప్‌రూం కొలువులో ఎన్నడూ చూడని ఘోరం చూసినట్టు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చాడు.

"గుర్తు దీసుకోకుంటనే ఇచ్చిన్రా సార్?"